ఐదో దెబ్బ

జనవరి 9

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి చెల్లెమ్మకు అన్నయ్య దీవించి రాయునది.

ముందుగా నా రాతను మన్నించు. స్టీరింగు పట్టి పట్టి వేళ్ళు వంకరపోయాయి. అక్షరాలు కోడి కెలికినట్టు వస్తున్నాయి. చదివింది ఐదో తరగతి, అందులోనూ ఒత్తులు చెప్పిన రోజు నేను బడికి పోలేదు. ఎక్కడైనా తప్పుంటే నువ్వే దిద్దుకుని చదువుకో.

ఇక్కడ నేను క్షేమం. మోకాలు అలాగే ఉంది. నీకొక సంగతి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజులుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను.

మామీద సినిమా తీస్తున్నారు.

ఇరవై ఏడేళ్ళ కింద మేం ఐదుగురం లారీ వేసుకుని సరిహద్దు దాటి, యుద్ధంలో పట్టుబడి తిరిగిరాని మనవాళ్ళను తెద్దామని పోయాం కదా. దానిమీద. మా ఐదుగురిలో ఒకడు, పటాలంలో వంట చేసినాయన, పోయేముందు ఆ కథంతా ఒక పేపరాయనకు చెప్పాడట. అది చదివి వీళ్ళు బయల్దేరారు. ఐదుగురిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి, వెతుక్కుంటూ వచ్చి టైర్ల కొట్టు మీది నా గదికి మెట్లెక్కారు. సినిమా తీసే ఆయన తలమీద టోపీ తియ్యడు. అందరూ టోపీగారు అంటారు. ఇంతవరకు నాకైతే పెట్టలేదు.

ఒక పాత రాతి క్వారీని ఖైదీల క్యాంపుగా మార్చారు. చుట్టూ ముళ్ళ కంచె వేశారు. మేం తీసుకుపోయిన దానిలాంటి లారీనే పాత ఇనుము కొట్లో పట్టుకొచ్చారు. దాన్ని నడపడం ఈ కాలం వాళ్ళకు రాదు. డ్రైవరు వేషం వేసే నటుడికి నేర్పడానికి నన్ను ఉంచుకున్నారు. డ్రైవరు తాత అంటున్నారు. అంటే అననీ.

వాళ్ళకు నీతో రెండు పనులున్నాయి. బావ ఫోటో కావాలట, సినిమా చివర చూపిస్తారట. బావ సంగతి వాడుకోవడానికి నువ్వు ఒప్పుకున్నట్టు సంతకం కూడా కావాలట. కాగితం ఇందులో పెట్టాను. పెట్టమని నేను అనను. వద్దనీ అనను.

ఇట్లు
నీ అన్నయ్య


జనవరి 17

అన్నయ్యకు నమస్కారం.

నీ ఉత్తరం చేరింది. ఇన్నేళ్ళుగా నువ్వు రాసినవన్నీ ముడివేసినా ఇంత పొడుగుండవు. సినిమా గాలి సోకినట్టుంది. నీ అక్షరాల గురించి కొత్తగా చెప్పుకోనక్కరలేదు. మా డాక్టర్ల రాతకంటే నయమే.

నేను ఇంకా ఆస్పత్రి కుట్టుగదిలోనే ఉన్నాను. పొద్దున్నుంచీ దుప్పట్లకు అంచులు, రోగుల గౌన్లకు మాసికలు. ఆరు మిషన్లలో రెండు పలకవు. మిగిలిన నాలుగూ నాలాగే, ఊరుకోమన్నా ఊరుకోవు.

సైనికుల ఆఫీసు గుమాస్తా ఈ ఏడు కూడా కబురు పెట్టాడు. వెళ్ళాను. "అమ్మా, ఒక్క సంతకం. ఆయన పేరు రాతిమీద చెక్కిస్తాం" అన్నాడు.

"రాతిమీదకు ఎక్కేది పోయినవాళ్ళు నాయనా. మా ఆయన కనబడనివాడు. మీ కాగితాల్లోనే అలా ఉంది" అన్నాను.

"కనబడక ముప్పై ఏళ్ళయిందమ్మా."

"నాకు కళ్ళజోడు వచ్చి పదేళ్ళేగా. ఇంకా వెతకనీ" అన్నాను.

పాపం, వాడు నవ్వాలో వద్దో తెలియక ఫైలు కట్టేశాడు.

ఒకటి అడుగుతాను. సినిమాలో చివరికి తెస్తారా, తేరా? ఉత్త లారీతో తిరిగొస్తే చూసేవాళ్ళు కుర్చీలు విరగ్గొడతారు కదా. నువ్వు నాతో చెప్పింది మూడే ముక్కలు. వెళ్ళాం. అక్కడ ఖైదీలెవరూ లేరు. నాలుగు దెబ్బలే పడ్డాయి. ఆ దెబ్బలేమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. నీ నోట మాట ఊడిపడటమంటే పన్ను ఊడినట్టే. టోపీ ఆయనకైనా వివరంగా చెప్పు.

సంతకం సంగతి తర్వాత చూద్దాం. ఫోటో ఇవ్వను. ఉన్నది ఒక్కటే.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 2

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి చెల్లెమ్మకు అన్నయ్య దీవించి రాయునది.

దెబ్బల సంగతి అడిగావు. అది మా పటాలం పద్ధతి. లారీ ఎక్కే ప్రతివాడూ వెనక తలుపు మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసి ఎక్కాలి. డ్రైవరు వెనక్కి తిరగడు, దిగడు. దెబ్బలు లెక్కపెట్టుకుంటాడు. ఎంతమంది దిగారో అన్ని దెబ్బలు పడితే బండి కదులుతుంది. పడకపోతే కదలదు. బావ కూడా అదే పటాలం కాబట్టి ఆయనకూ ఈ అలవాటే. కొత్తలో ఒకసారి నీ వంటింటి తలుపు మీద కూడా అలాగే కొట్టి లోపలికి వచ్చాడని నువ్వు నవ్వావు. జ్ఞాపకం ఉందో లేదో.

ఆ రోజు నలుగురు దిగారు. నేను ఇంజను ఆపకుండా కూర్చున్నాను. నాలుగు దెబ్బలు పడ్డాయి. వచ్చేశాం.

టోపీగారి కథలో ఐదో దెబ్బ కూడా పడుతుంది. డ్రైవరు బండి ఆపుతాడు. ఖైదీ ఎక్కుతాడు. ఆయన కథ ఆయనిష్టం.

ఇక్కడ తిండి వేళకు పెడుతున్నారు. ఖైదీల వేషాలకు చుట్టుపక్కల వీధుల్లో పనిచేసుకునే వాళ్ళను తెచ్చారు. పొద్దున్నే వాళ్ళందరి ఒంటికీ పిండి, బూడిద పూసి రాతి దుమ్ము అంటారు. సాయంత్రం కడుక్కుంటే మళ్ళీ మనుషులవుతారు. నిన్న ఫోటో తీశారు. ఒకటి నాకిచ్చారు. నేనేం చేసుకుంటాను, నీకు పంపుతున్నాను. లారీ పక్కన తలవంచుకున్నది నేను. వెనక ఉన్నది ఖైదీలు.

సంతకం గురించి టోపీగారు రోజూ అడుగుతున్నారు.

ఇట్లు
నీ అన్నయ్య


ఫిబ్రవరి 11

అన్నయ్యా,

ఒక చేత్తో ఫోటో పట్టుకుని రాస్తున్నాను. ఈసారి నా రాతను నువ్వు మన్నించాలి.

ఆ ఫోటోలో వెనక వరసలో ఎడమనుంచి మూడో మనిషి ఎవరు? మొహం పక్కకు తిరిగి ఉంది. గడ్డం, దుమ్ము, వయసు కూడా తెలియడం లేదు. మొహం నాకక్కరలేదు. నడుం మీద చెయ్యి పెట్టి, బొటనవేలు వెనక్కి, నాలుగు వేళ్ళు ముందుకు. బస్సు వెళ్ళిపోతే అలా నిలబడేవాడు. పాలు పొంగితే అలా నిలబడేవాడు. ఈ భూమ్మీద అలా నిలబడే మనిషి ఇంకొకడు లేడు.

కాదని రాయకు. నేను బాగా ఆలోచించాను. అక్కడినుంచి వదిలేసి ఉంటారు. మతి చెడి, పేరు మరిచిపోయి, ఊళ్ళు పట్టుకు తిరిగి తిరిగి, కూలికి పిలిస్తే ఈ వేషాల్లో చేరి ఉంటాడు. అలాంటివి జరగవా? మా ఆస్పత్రిలో ఒకాయన పదకొండేళ్ళు తన పేరేదో చెప్పలేదు, తర్వాత ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు. కుట్టుగదిలో అందరికీ ఫోటో చూపించాను. పెద్ద నర్సు భూతద్దం తెచ్చింది. "పోలికలు నాకు తెలియవు గాని, నిలబడిన తీరు మాత్రం ఇంటి మనిషిలా ఉంది" అంది.

పదిరోజులు సెలవు పెట్టాను. ఇరవయ్యో తేదీ బస్సు. తలకు రంగు వేసుకున్నాను. నవ్వకు. ఆయన నన్ను చూసి ఎవరో పెద్దావిడ అనుకుంటే నేను తట్టుకోలేను.

నువ్వు ఆయన పక్కనే ఉండి గుర్తుపట్టలేదు చూడు. నీకు ఇంజను తప్ప ఏదీ కనబడదు. నేను వచ్చేదాకా ఆయన్ని ఎక్కడికీ పోనివ్వకు. కూర్చోబెట్టి ఏదో ఒకటి పెట్టు. నేను వస్తున్నట్టు చెప్పకు. చెప్పినా ఫరవాలేదు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 15

చిరంజీవి చెల్లెమ్మకు,

రావద్దు. టిక్కెట్టు కొన్నా రావద్దు.

ఆయన బావ కాదు. పళ్ళ బండాయన. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. నలభై కూడా దాటలేదు. రోజూ నాకు ఒక పండు ఇస్తాడు.

తప్పు నాదే. టోపీగారు ఖైదీ ఎలా నిలబడతాడు, ఎలా పరిగెత్తుతాడు అని అడిగారు. నాకు మాటల్లో చెప్పడం రాదు. లేచి చేసి చూపించాను. నడుం మీద చెయ్యి పెట్టడం నేనే నేర్పాను. ఎడమకాలు ఈడ్చుకుంటూ, చేత్తో తుంటిని అదిమిపట్టుకుని పరిగెత్తడం కూడా నేనే నేర్పాను, బావ పరిగెత్తినట్టు. పళ్ళ బండాయన చురుకైనవాడు, వెంటనే పట్టేశాడు. ఇలా అవుతుందనుకోలేదు.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, ఇరవైలోగా అందాలని.

అన్నయ్య


ఫిబ్రవరి 22

అన్నయ్యకు,

నీ ఉత్తరం పంతొమ్మిది సాయంత్రం అందింది. టిక్కెట్టు వెనక్కి తీసుకున్నారు. సెలవు వెనక్కి తీసుకున్నారు. తలకు వేసుకున్న రంగు మాత్రం వెనక్కి తీసుకునేవాళ్ళు లేరు. మర్నాడు పనికి పోతే కుట్టుగదిలో ఎవరూ తలెత్తలేదు. మిషన్లు మాత్రం చప్పుడు చేశాయి.

పళ్ళ బండాయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. ఆయన్ని ఏమీ అనను.

నిన్ను రెండు అడుగుతాను.

పెళ్ళయిన దగ్గరనుంచి నువ్వు నాకు రాసిన ఏ ఉత్తరమైనా లక్ష్మీ సౌభాగ్యవతి అని మొదలవుతుంది. అమ్మ పోయిన కబురు రాసినప్పుడు కూడా ఆ మాట రాసి తర్వాతే ఏడ్చావు. మొన్నటి ఉత్తరంలో అది లేదు. మొగుడున్న దానికే ఆ మాట రాస్తారు. నువ్వెందుకు రాయలేదు?

రెండోది. మీ బావ యుద్ధానికి పోయిననాడు రెండు కాళ్ళూ బాగున్నాయి. రైలు కదిలాక నా చేతిలోని సంచి అందుకోవడానికి ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి ఎక్కాడు. నేను చూశాను, నువ్వూ చూశావు. కాలు ఈడ్చడం నువ్వెప్పుడు చూశావు?

తిరుగు టపాలో రాయి.

చెల్లెలు


మార్చి 1

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, నిత్య సౌభాగ్యవతి చెల్లెమ్మకు అన్నయ్య దీవించి రాయునది.

తొందరలో ఆ మాట జారిపోయింది. నా చదువు నీకు తెలుసు.

కాలు సంగతి. వంటాయన ఎప్పుడో ఎవరో ఖైదీ కుంటుతున్నాడని అన్నట్టు గుర్తు. అది బావదిగా కలిసిపోయి ఉంటుంది. ముసలి బుర్ర.

ఇక్కడ ఎండలు ముదిరాయి. లారీకి రేడియేటరు కారుతోంది. సబ్బు పెట్టి మూశాను. నువ్వు మంచినీళ్ళు బాగా తాగు.

ఇట్లు
నీ అన్నయ్య


మార్చి 8

అన్నయ్యకు,

అబద్ధం చెప్పడానికి కూడా చదువు కావాలి. నీకది లేదు. వంటాయన కుంటే ఖైదీని చూశాడంటే అక్కడ ఖైదీలు ఉన్నట్టే. ఎవరూ లేరని నాకు చెప్పింది నువ్వే.

నీకొకటి గుర్తు చేస్తాను. ఇరవై ఏళ్ళ కింద మా మిషన్లు బాగుచేసే ఆయన నన్ను చేసుకుంటానన్నాడు. మంచివాడు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చి అడిగాడు, అంతకుమించి ఏమీ అనలేదు. నాకు ముప్పై ఆరేళ్ళు. బిడ్డ పుట్టే వయసు ఇంకా దాటలేదు. నేను నీకు రాశాను. "నువ్వు ఆ చోటికి పోయివచ్చినవాడివి. ఆశ లేకపోతే లేదని ఒక్క ముక్క రాయి, అడుగు ముందుకేస్తాను" అని. నువ్వు రాసిన జవాబు నా పెట్టెలో ఉంది. అందులో రెండే మాటలు. ఎదురుచూడు. తొందరపడకు.

ఎదురుచూశాను. ఆయన రెండేళ్ళు ఆగి వేరే పెళ్ళి చేసుకున్నాడు. మూడు నెలలకోసారి వస్తాడు. అన్ని మిషన్లకూ నూనె వేస్తాడు, నాదానికి చివర వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా నా మొహం చూడకుండా వేస్తున్నాడు.

నువ్వు ఏం చూశావో రాయి. రాయకపోతే నేను బస్సెక్కి వచ్చి, మీ టోపీ ఆయన ముందు, పళ్ళ బండాయన ముందు అడుగుతాను. నలుగురిలో నోరు పెగలని వాడివి. కాగితం మీద రాయడమే నీకు సుఖం.

చెల్లెలు


మార్చి 19

చిరంజీవి చెల్లెమ్మకు,

రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోకు, అలాగే చదువు.

అది మిట్టమధ్యాహ్నం. కాపలావాళ్ళు తిండికి కూర్చునే వేళ. క్వారీలోంచి బయటికి ఒకటే దారి, నిటారు ఎత్తు. దాని మొదట్లో లారీ పెట్టుకుని కూర్చున్నాను. ఆ లారీకి స్టార్టరు చెడిపోయింది. ఇంజను ఆగిందంటే దిగి ముందునుంచి హ్యాండిలు వేసి తిప్పాలి. అందుకని ఆపలేదు.

నలుగురూ లోపలికి పోయారు. ఎవరో కేక వేశారు. కాల్పులు మొదలయ్యాయి. మనవాళ్ళు తలో దిక్కూ చెదిరి ఒక్కొక్కరే వచ్చారు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నాలుగో దెబ్బకు బండి కదిలించాను. నలుగురూ లోపల బోర్లా పడుకున్నారు. పరదా కిందికి ఉంది.

పదిగజాలు పోయానో లేదో, ఐదో దెబ్బ పడింది.

అద్దంలో చూశాను. డ్రైవరు చూడకూడదు. చూశాను. చొక్కా లేదు. గడ్డం. ఎడమకాలు ఈడుస్తూ, తుంటిమీద చెయ్యి అదిమి పరిగెత్తుతున్నాడు. రెండో చెయ్యి తలుపు మీద ఉంది. మళ్ళీ కొట్టాడు. పట్టపగలు చెల్లెమ్మా, అద్దంలో కనుబొమ్మల మధ్య నీకు తెలిసిన ఆ గాటు కూడా కనబడింది. "బావా" అన్నాడు. అరిచినట్టు కాదు. కొట్టు దగ్గర కనబడితే పిలిచినట్టు పిలిచాడు.

నేను ఆపలేదు.

ఎత్తులో ఆపితే ఇంజను చస్తుంది, చస్తే నేను దిగి హ్యాండిలు వెయ్యాలి, ఐదుగురం పోతాం అనుకున్నాను. అనుకున్నానో, తర్వాత పేర్చుకున్నానో చెప్పలేను. కాలు ఆక్సిలేటరు మీద ఉంది. తియ్యలేదు.

ఆయన రెండోసారి పిలవలేదు. ఆగిపోయాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు, బస్సు వెళ్ళిపోతే నిలబడినట్టు. మలుపు తిరిగాక అద్దంలో లేడు. తర్వాత రెండు పేలుళ్ళు విన్నాను.

సరిహద్దు దాటాక వంటాయన అడిగాడు, "ఐదో దెబ్బ ఎవరిదిరా" అని. "టైరు కింద రాయి ఎగిరింది" అన్నాను. ఆయన బతికినన్నాళ్ళూ మళ్ళీ అడగలేదు.

మిషను ఆయన సంగతి రాసినప్పుడు లేదని రాద్దామని కాగితం తీశాను. నువ్వు ఎదురుచూస్తున్నంత కాలం బావ ఎక్కడో ఉన్నట్టు ఉండేది నాకు. నువ్వు మానేస్తే నేను చంపినట్టు అయ్యేది. అందుకని ఎదురుచూడు అని రాశాను. నీకోసం కాదు.

ఇంకొకటి ఉంది. మొన్న ఇక్కడ ఆ ఘట్టం తీశారు. సినిమాలో డ్రైవరు ఎత్తులో బండి ఆపాలి. "ఆపితే కదలదు సార్" అన్నాను. నటుడు భయపడ్డాడు. "తాతా, ముందు నువ్వు చేసి చూపించు" అన్నారు. ఎత్తు మధ్యలో ఆపాను. బ్రేకు పట్టి, మొదటి గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదిలాను. బండి ఒకసారి వణికింది. కదిలింది. టోపీగారు ఇరవైమందిని ఎక్కించి మళ్ళీ ఆపమన్నారు. మళ్ళీ కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అలాంటి లారీయే. అలాంటి ఎత్తే. ఆపి ఉంటే కదిలేది.

అన్నయ్య


మార్చి 30

అన్నయ్యకు,

చదివాను. రెండోసారి చదవలేదు.

సైనికుల ఆఫీసుకు పోయి సంతకం పెట్టాను. గుమాస్తా తేదీ అడిగాడు. నీ లారీ ప్రయాణం తేదీ చెప్పాను.

"ఎవరైనా చూశారా అమ్మా?"

"మా అన్నయ్య చూశాడు."

"దగ్గరుండి చూశారా?"

"అద్దంలో చూశాడు" అన్నాను.

వాడు కలం పక్కన పెట్టి టీ తెప్పించాడు. తాగాను. వేడిగా ఉంది.

నిన్న మిషన్లాయన వచ్చాడు. మనవరాలు పుట్టిందట. మంచిదన్నాను. నా మిషనుకు నూనె వేస్తుంటే నేనే తలెత్తి ఆయన మొహం చూశాను. ముసలివాడైపోయాడు. చూడకపోతేనే బాగుండేది.

మీ టోపీ ఆయన కాగితం మీద కూడా సంతకం పెట్టాను. ఫోటో ఇచ్చాను. దాంతోపాటు నువ్వు రాసిన ఉత్తరం కూడా ఆయనకే పంపాను, ఒక్క అక్షరం దిద్దకుండా. రెండు షరతులు రాశాను. సినిమాలో లారీ ఆగకూడదు. నడిపేది నటుడు కాదు, నువ్వు. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఇంతమంచి ముగింపు తనకు తట్టలేదట. నాకు దండం పెడుతున్నానని రాశాడు.

నన్ను సౌభాగ్యవతి అన్న నీ ఉత్తరాలన్నీ తిప్పి పంపుతున్నాను. ఆస్పత్రి దిండు గలీబులో పెట్టి నాలుగు వైపులా కుట్టేశాను. దగ్గర కుట్లు. విప్పాలంటే గుడ్డ చింపాలి.

ఇక నీకు రాయను. బతికున్నానో లేదో కూడా కబురు రాదు. నువ్వు వస్తే తలుపు తియ్యను.

ఎదురుచూడు. తొందరపడకు.


ఏప్రిల్ 27

చిరంజీవి చెల్లెమ్మకు అన్నయ్య రాయునది.

గలీబు అందింది. విప్పలేదు. తలకింద పెట్టుకుంటున్నాను.

నువ్వు చెప్పినట్టే అయింది. టోపీగారు నా ఉత్తరం అందరికీ చదివి వినిపించారు. అక్కడక్కడ నా తప్పులకు కొందరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. పళ్ళ బండాయన ఆ రోజునుంచి నాకు పండు ఇవ్వడం మానేశాడు.

నన్ను లారీలో కూర్చోబెట్టారు. కెమెరా నా వెనక పెట్టారు. పళ్ళ బండాయన పరిగెత్తాలి, కొట్టాలి, "బావా" అనాలి. నేను పోతూ ఉండాలి. మొదటిసారి ఆయన గట్టిగా అరిచాడు. టోపీగారు, "అలా కాదు, ఉత్తరంలో ఏముంది, కొట్టు దగ్గర పిలిచినట్టు" అన్నారు. రెండోసారి వెలుగు చాలలేదు. మూడోసారి దుమ్ము ఎక్కువైంది. నాలుగు, ఐదు, ఆరు ఎందుకు బాగాలేదో చెప్పలేదు. నేను అడగలేదు. ప్రతిసారీ దెబ్బ పడుతుంది. ప్రతిసారీ అద్దంలో వస్తాడు. బాగా నేర్చుకున్నాడు. నేనే నేర్పానుగా.

పదకొండోసారి ఆపేశాను.

ఎందుకంటే చెప్పలేను. కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయింది. టోపీగారు దూరంనుంచి తిట్టారు. పళ్ళ బండాయన తలుపు దగ్గరకు వచ్చాడు. రొప్పుతున్నాడు. ఆయన కూడా నాతో మాట్లాడి చాలా రోజులైంది.

"తాతా, ఆపకూడదన్నారు కదా" అన్నాడు.

"ఎక్కు" అన్నాను.

"ఇప్పుడెక్కి ఏం లాభం, మళ్ళీ కిందికి దిగాలి" అన్నాడు.

పన్నెండోసారి ఆపలేదు. అదే తీసుకున్నారు.

జవాబు రాయి.

అన్నయ్య


జూన్ 12

చిరంజీవి చెల్లెమ్మకు,

రెండు నెలలుగా ఉత్తరం లేదు. పోస్టాయన ఈ వీధిలోకి పదిన్నరకు వస్తాడు. టైర్ల కొట్టుకు ఏవో కాగితాలు ఇచ్చి పోతాడు. నేను మెట్ల మీద కూర్చుంటున్నాను. "నాకేమైనా ఉందా" అని మొదట్లో అడిగేవాణ్ణి. ఇప్పుడు ఆయనే దూరంనుంచి చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

ఆరోగ్యం ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

అన్నయ్య


సెప్టెంబరు 3

చిరంజీవి చెల్లెమ్మకు అన్నయ్య రాయునది.

నా రాత ఇంకా చెడింది. మన్నించు.

సినిమా వచ్చింది. చూశాను. మీ ఊళ్ళోనూ ఆడుతోందట. నువ్వు చూశావో లేదో నాకు తెలిసే దారి లేదు. నా మొహం ఎక్కడా కనబడదు. మెడ వెనక భాగం, చెవులు, అద్దం. అంతే. ఐదో దెబ్బ పడ్డప్పుడు హాలంతా "ఆపు, ఆపు" అన్నారు. నా వెనక కుర్చీలో ఒకావిడ డ్రైవరు వంశాన్నే తిట్టింది. నేను కాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చున్నాను. చివర బావ ఫోటో వేశారు. అందరూ లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "పెద్దాయనా, జరగండి" అని నన్ను దాటుకుని పోయింది.

నీ ఆస్పత్రికి రెండుసార్లు ఫోన్ చేయించాను. ఆమె పనిలో ఉంది అని ఒకసారి, అలాంటివాళ్ళు ఎవరూ లేరని ఒకసారి చెప్పారు. రెండూ నువ్వే చెప్పించి ఉంటావు. చెప్పించి ఉంటే మంచిదే. ఉన్నట్టే కదా.

నన్ను క్షమించమని రాయను. నాకు అంత చదువు లేదు.

నువ్వేమీ రాయనక్కరలేదు. పైన చిరునామా కూడా కుట్టుగదిలో ఎవరిచేతనైనా రాయించు. లోపల ఏమీ వద్దు. ఖాళీ కవరు ఒకటి పోస్టులో వెయ్యి. ఉత్తరం ఉంటే మెట్లెక్కి తలుపు మీద ఒక్కసారి కొట్టమని పోస్టాయనకు చెప్పి ఉంచాను. ఇప్పుడు మెట్లు దిగలేకపోతున్నాను, అందుకని కుర్చీ తలుపు పక్కకే జరుపుకున్నాను. రేడియో తీసేశాను. మొదటి దెబ్బకే లేస్తాను.

త్వరగా వెయ్యమ్మా.

అన్నయ్య